ఎత్తుకొచ్చిన తీగ

మా పై అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి మొన్న మధ్యాహ్నం తలుపు కొట్టింది. చేతిలో చిన్న కత్తెర, మొహం నిండా నవ్వు. "ఆంటీ, మీ బాల్కనీల మనీ ప్లాంట్ మస్తుగుంది. కొంటే కలిసిరాదంట, అడిగి తీసుకుంటే బతకదంట, ఎత్తుకపోతేనే మంచిదంట. మీరు కాసేపు లోపలికి పోయి టీవీ చూడండి, నా పని నేను చేసుకుంటా," అంది. దొంగతనానికి పర్మిషన్ అడిగే దొంగను చూడటం నాకు అదే మొదటిసారి. మా కోడలు పడీపడీ నవ్వింది. ఆ మొక్క పెట్టింది తనే. నేను దానికి నీళ్లు కూడా పొయ్యను. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల చేతిలో కత్తెర లాక్కుని, బారెడు తీగ నేనే కోసి ఇచ్చి, "బతకకపోతే మళ్లీ రా, మళ్లీ ఇస్తా. దొంగతనం మాట మాత్రం నా ఇంట్లో వద్దు," అన్నాను. పాపం, పిల్ల మొహం చిన్నబోయింది. రెండాకుల కోసం ఇంత కోపమేమిటా అని మా కోడలు నన్ను వింతగా చూసింది.

కోపం ఆ పిల్ల మీద కాదు. పదేళ్ల వయసులో నేను చేసిన పని మీద. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు అనే మాట చాలా చిన్నది దానికి.

పత్తర్‌గట్టి బజారు దుకాణాల వెనక, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు గల్లీలో ఉండేది మా ఇల్లు. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. మాది పాల వ్యాపారం. మా చుట్టాలు గల్లీ గుర్తు మరిచిపోయినా పేడ వాసన పట్టుకుని ఇల్లు చేరేవారు. మా గోడను ఆనుకునే అత్తరు వాళ్ల ఇల్లు. రెండిళ్ల మధ్య నిలబడితే ఒక ముక్కుపుటంలో పేడ, ఇంకో ముక్కుపుటంలో గులాబీ. ఇప్పటికీ ఎక్కడైనా అత్తరు వాసన తగిలితే, దాని వెంట పచ్చిగడ్డి వాసన రాలేదేమిటా అని నా ముక్కు వెతుక్కుంటుంది.

ఆ ఇంటి పెద్దావిడను నేను ఖాలా అనేదాన్ని, పిన్నీ అన్నట్టు. భర్త పోయాక కొడుకుతో అత్తరు దుకాణం నడిపించిన మనిషి. పొడవు, తెలుపు, మాట కరుకు. వాళ్ల వాకిలి చుట్టూ మూడు పక్కలా దాలాన్ ఉండేది, అంటే స్తంభాల వసారా. ఆ దాలాన్‌లోనే ఉండేది గల్లీ మొత్తానికి కన్నుకుట్టించిన మనీ ప్లాంట్.

ఒక మూల, నీళ్ల కుండ పక్కన మట్టి తొట్టిలో మొదలై, స్తంభం ఎక్కి, దూలం కింద కట్టిన జనపనార తాళ్ల మీద మూడు పక్కలా తిరిగింది ఆ తీగ. తొట్టి దగ్గర ఆకు నా అరచేయంత ఉంటే పైకి పోయినకొద్దీ మా బాపు అరచేయంత. పచ్చటి ఆకు మీద పసుపు చారలు. ఎండ అడగదు, ఎరువు అడగదు. పువ్వు లేదు, కాయ లేదు, కూరకు రాదు, పూజకు రాదు. ఏ పనికీ రాని ఆ తీగ కింద కూర్చుంటే మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం కూడా కళ్లు మూతలు పడేవి. ప్రతి జుమ్మేరాత్ నాడు, అంటే గురువారం, ఖాలా స్టూలు వేసుకుని తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేది. కరుకు మనిషి చెయ్యి అంత మెత్తగా మెదలడం నేను అక్కడే చూశాను.

మా నాయనమ్మ లెక్క వేరు. "ఆ తీగ రెండో కంబం దాటంగనే దుకాణం పెద్దగైంది. మూడో కంబం దాటంగనే కొడుకు పెండ్లైంది. తీగ కాదే అది, లచ్చిమి," అనేది. ఆ ఏడాది వానాకాలం మొదట్లోనే మా బర్రె ఒకటి చచ్చిపోయింది, ఇంకొకటి అంతకుముందే రెండుసార్లు కడుపు నిలవక ఈచుకపోయి, మళ్లీ చూడితో ఉంది. బాపు మాట్లాడటం తగ్గించేశాడు. పొద్దంతా కొట్టంలో పని చేసి అమ్మ కూర్చున్నచోటే నిద్రపోయేది. అప్పుడు పట్టుకుంది నాయనమ్మకు ఆ తీగ పిచ్చి.

అడిగితే ఖాలా ఇచ్చేదే. కానీ నాయనమ్మ దగ్గర ఒక కాయిదా, అంటే నియమం, ఉంది. "అడిగి తెచ్చుకుంటే ఆమె బర్కత్, ఆ కలిమి, ఆమెకే ఉంటది, మనకు ఒట్టి ఆకులే వస్తయి. చెప్పకుంట తేవాలె. తెచ్చినంక గూడ చెప్పొద్దు. చెప్తే ఎండిపోతది."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయనమ్మ ఆ ఇంటి నీళ్లు తాగదు. వాళ్లింటికి పాలు పోసి వస్తే నా నోరు వాసన చూసేది, ఏమైనా తిని వచ్చానేమోనని. వాళ్లెవరైనా మా ఇంటికొస్తే నీళ్లివ్వడానికి బయట గూట్లో వేరే గ్లాసు. వాళ్ల నీళ్లు పనికిరావు, వాళ్ల తీగ మాత్రం పనికొచ్చింది! అప్పుడు నాకిది తట్టలేదు. తట్టిన రోజు నుంచి నాయనమ్మ ఫోటోకి దండం పెట్టేటప్పుడు నా కళ్లు పక్కకు తిరుగుతున్నాయి.

నేను తినేదాన్ని. బాగా తినేదాన్ని. పెట్టేది భాబీ.

భాబీ అంటే ఖాలా కొడుకు పెళ్లాం. వచ్చి ఏడాది కూడా కాలేదు. వికారాబాద్ పక్కన పల్లెటూరి పిల్ల. పద్దెనిమిదో పందొమ్మిదో ఉండేవేమో. ఉర్దూ కంటే తెలుగు బాగా వచ్చు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే దిక్కులేక నా కోసం ఎదురుచూసేది. నన్ను "పాలపిల్లా" అని పిలిచేది. బగారా అన్నం అడుగున అంటిన మాడు గీకి, పుల్లటి ఖట్టా పులుసు పోసి, ఆకులో పెట్టేది. తిన్నాక సోంపు నమిలించి, "ఊదు... ఊఁ, ఇగ మీ నాయనమ్మ గాదు, పోలీసోడొచ్చినా దొరకవు," అని నవ్వేది. అప్పటికి తనకు నాలుగో నెల. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లాలని, తొలి కాన్పు అక్కడేనని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టేది. "మా ఊర్ల వాన పడితే మట్టి తినబుద్ధైతది పాలపిల్లా," అనేది.

ఆ రోజు భాబీ అన్న వచ్చాడు. భుజాన సంచి నిండా జామకాయలు. ఖాలా లోపల గదిలో నమాజులో ఉంది. కొడుకు దుకాణంలో. వంటింట్లో అన్నకు అన్నం పెడుతూ భాబీ ఊరి కబుర్లన్నీ ఒక్క ఊపిరిలో అడుగుతోంది. జామకాయలు గంపలోకి వంచి, ఖాళీ అయిన సంచిలో తన పాత చీరలు మూడు కుక్కడం నేను చూశాను. "అమ్మకియ్యి. పుట్టేటోళ్లకు బొంత కుట్టుమను," అంది. నేను పాలు గిన్నెలో పోసి, వస్తున్నా అని చెప్పి, దాలాన్ మూలకు వచ్చాను.

నా లంగా జేబులో పెన్సిల్ చెక్కుకునే సగం బ్లేడు ఉంది. నాయనమ్మ కణుపున్న ముక్క తెమ్మంది. కొస నుంచి జానెడు తెంపుకుంటే సరిపోయేది. నా పదేళ్ల బుర్రకు, లావుగా ఉన్నచోటే లచ్చిమి ఎక్కువుంటుందని తోచింది. తొట్టి దగ్గర, నా వేలంత లావున్న మొదలు పట్టుకుని కోశాను. పైన మూరెడు వదిలి మళ్లీ కోశాను. మధ్య ముక్కను చుట్టి ఖాళీ పాల క్యాన్‌లో పడేసి మూత పెట్టాను. పైనున్న తీగ తాళ్ల మీద అట్లాగే ఉంది, ఏమీ కానట్టు. కోసినచోటు కనబడకుండా నీళ్ల కుండ కొంచెం జరిపాను. ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో!

తలుపు దగ్గర భాబీ అన్న ఎదురయ్యాడు. "ఉత్తగ పోతున్నవేందమ్మా," అని ఒక జామకాయ నా చేతిలో పెట్టాడు. గల్లీలో దాన్ని కొరుక్కుంటూ ఇంటికెళ్లాను. తియ్యగా ఉంది.

నాయనమ్మ తీగను సీసాలో పెట్టి, తవుడు, పల్లి చెక్క బస్తాలుండే గది కిటికీలో దాచింది. నా తల మీద చెయ్యేసి, "నా బంగారు తల్లి," అంది. ఆ మాట నేను చాలా రోజులు మోసుకు తిరిగాను.

నాలుగైదు రోజుల వరకు ఏమీ కాలేదు. తరువాత దాలాన్‌లో ఆకులు వాడటం మొదలైంది. పాలు పోయడానికి వెళ్లినప్పుడల్లా తల పైకెత్తకుండా వచ్చేదాన్ని. ముందు గమనించింది భాబీ. పల్లెటూరి పిల్ల కదా, మొదలు తెగిందని కనిపెట్టింది. అత్త చూసి గుండె పగలకముందే బతికించాలనుకుంది. దుకాణం నుంచి వచ్చిన ఖాళీ అత్తరు సీసాలన్నీ కడిగి, నీళ్లు పోసి, వాడని కొసలు చూసి కత్తెరతో కోసి, ఒక్కో సీసాలో ఒక్కో ముక్క పెడుతోంది. నేను వెళ్లేసరికి ఎనిమిదో తొమ్మిదో సీసాలు వరసగా ఉన్నాయి. "చూడు పాలపిల్లా, ఎవలో మొదలుకే కోసిండ్రు. గిట్ల ఏర్లొస్తే మళ్ల తొట్టిల పెడతా. అత్తమ్మకు చెప్పకు," అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఖాలా చుట్టాలింటి పెళ్లి నుంచి అప్పుడే తిరిగొచ్చింది. పరదా తొలగించగానే కనిపించింది కోడలి చేతిలో కత్తెర, నేల మీద వాడిన ఆకులు, సీసాల వరస.

"యే క్యా కర్రీ తూ?" ఏం చేస్తున్నావని మెల్లగానే అడిగింది. తరువాత వెళ్లి కుండ జరిపి, తొట్టిలో మిగిలిన మొండిని చూసింది. ఆమె గొంతు అంత ఎత్తుకు లేవడం నేను ఎన్నడూ వినలేదు. గల్లీ అంతా తలుపుల్లోకి వచ్చింది. అన్న వచ్చి వెళ్లిన రోజు గుర్తుకొచ్చింది ఆమెకు. "మేరే ఘర్ కీ బర్కత్ మైకే కో భేజ్ దీ!" అని నెత్తి కొట్టుకుంది. తన ఇంటి కలిమిని కోడలు మొదలుతో కోసి పుట్టింటికి పంపిందని. ఎత్తుకుపోయిన తీగ ఎక్కడికి పోతే అక్కడికి బర్కత్ పోతుందని మా నాయనమ్మ ఒక్కతే కాదు, గల్లీకి గల్లీ నమ్మేది. ఖాలా కూడా నమ్మేది.

"నేను కొయ్యలే అత్తమ్మా, బతికిద్దామని..." అని భాబీ ఏడుస్తోంది. ఖాలా నా వైపు తిరిగింది. నా భుజాలు పట్టుకుని తెలుగులోకి మారి అడిగింది. "బేటీ, ఆ దినం నువ్వు ఉన్నవ్. వాళ్లన్న సంచిల ఏమన్న తీస్కపోయిండా? సచ్ బోల్, నిజం చెప్పు. నిన్నేమనను."

భాబీ కూడా నా వైపే చూసింది. ఆ చూపులో భయం లేదు. హమ్మయ్య, చూసినవాళ్లు ఒకరున్నారు అన్నట్టు ఉంది. ఆ సంచిలో ఏముందో నాకు తెలుసని ఆమెకు తెలుసు.

"సంచి... పొయ్యేటప్పుడు గూడ నిండుగనే ఉండె," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే ఇంత కాలం నన్ను కాల్చింది. చీరలని ఒక్క మాట కలిపితే చాలు. చీరలంటే, మరి తీగ ఎవరు కోశారని మాట నా దాకా వస్తుందని భయం. ‘చెప్తే ఎండిపోతది’ అన్న నాయనమ్మ మాట చెవిలో. ఆ రెండింటి మధ్య నోరు మూసుకున్నాను. చీరల సంగతి భాబీయే చెప్పింది. "అడగకుంట చీరలిచ్చినదానివి తీగ ఇయ్యవా?" అంది ఖాలా.

ఆ రోజుతో భాబీ అన్నకు ఆ గడప మూసుకుపోయింది. ఏడో నెల వచ్చింది, పోయింది. పుట్టింటికి పంపేది లేదని ఖాలా ఖండితంగా చెప్పింది. కొడుకు తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. పాలు పోయడానికి వెళ్తే గిన్నె భాబీ తెచ్చేది. మాడు లేదు, సోంపు లేదు. నన్ను తిట్టలేదు, కోపంగా చూడలేదు కూడా. అసలు చూడటమే మానేసింది. రెండు మూడుసార్లు నేనే అడిగాను, "భాబీ, ఒళ్లు మంచిగున్నదా?" అని. "ఆఁ," అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

మా ఇంట్లో తీగ మాత్రం సీసా దాటి, కిటికీ ఊచలు పట్టుకుని దూలం ఎక్కింది. బర్రెకు ఈసారి చూడి నిలిచింది. దూడ వేసింది. జున్ను వండిన రోజు నాయనమ్మ ఆ తీగకు పసుపు బొట్టు పెట్టింది. బాపు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను జున్ను ముట్టలేదు. కడుపునొప్పి అని చెప్పి లేచిపోయాను.

భాబీకి ఆడపిల్ల పుట్టింది. పదిహేను రోజులకనుకుంటా, ఒక పొద్దున పాలు పోసి వచ్చేసరికి మా అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. కాళ్లకు ఎర్రమట్టి, ఒళ్లో మూట. భాబీ తల్లి. "నా కొడుకును దొంగన్న గడప నేను తొక్క. ఈడికెల్లే ఒక్కపారి పిల్లను చూసి పోతనమ్మా. జర తెప్పియ్యండ్రి," అని మా నాయనమ్మను బతిమాలుకుంటోంది. నాయనమ్మ గూట్లోని గ్లాసులో నీళ్లిచ్చింది. ఆమె ఆ గ్లాసు సంగతి తెలిసినట్టే, పెదవి తగలకుండా ఎత్తి తాగింది.

నన్ను పంపారు. ఖాలా బజారుకు పోయిన సమయం. భాబీ పసిగుడ్డును నా చేతుల్లో పెట్టింది. పక్కింటి అరుగు దాకా రావడానికి ఆమెకు ఇంకా నలభై రోజులు నిండలేదు. పరదా పక్కకు పట్టుకుని గడపలోనే నిలబడింది. పది అడుగుల దూరంలో తల్లి, ఇటు కూతురు, మధ్యలో పిల్లను మోస్తూ నేను.

ముసలామె మూట విప్పింది. బొంత. ఆకుపచ్చ, వంగపండు, పసుపు. ఆ మూడు చీరలే. "గివే నా బిడ్డ సంచిల పంపింది. దీనికే గదా గంత లొల్లి," అంటూ పిల్లను బొంతలో చుట్టి నా ఒళ్లోనే పెట్టి చూసింది. నాయనమ్మ కుట్లు చూస్తున్నట్టు తల వంచుకుంది. ముసలామె కళ్లు తుడుచుకుంటూ అటూ ఇటూ చూసింది. గది కిటికీలోంచి తీగ కనిపించింది.

"మీ ఇంట్ల గూడ ఉన్నదా గా చెట్టు?" అంది. "గింత ముద్దుగుంటదా! నేను చూసుడే ఇదే మొదలమ్మా. మా గుడిసెల ఇది యాడ పెట్టుకుంటం?"

"మా బిడ్డ ఇంటికెల్లి తెచ్చుకున్నం," అంది నాయనమ్మ.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. పిల్ల బొటనవేలు నా గుప్పిట్లో ఉంది. నాకు అప్పటికి పదకొండు. తప్పు, ఒప్పు తెలియని వయసు కాదు. మొదటిసారి భయపడి మాట్లాడలేదని సర్దుకోవచ్చు. ఆ రోజు ఎవరూ నన్ను భయపెట్టలేదు. నోరు తెరవలేదు, అంతే.

ఆమె వెళ్లిపోయాక, "చెప్దామా నాయనమ్మా?" అని అడిగాను. "ఇప్పుడు చెప్తే ఉన్న లొల్లి పోయి కొత్త లొల్లైతది. గడిచిపోయింది, పోనీ," అంది. మరునాడు ఎప్పటిలాగే తీగకు నీళ్లు పోసింది.

తరువాత ఊరు నడుమ బర్రెలు ఉంచవద్దన్నారు. బాపు కొట్టం ఎత్తేశాడు, మేము నది దాటి ఇటు వచ్చేశాం. నాయనమ్మ పోయింది. నా పెళ్లి, పిల్లలు, వాళ్ల చదువులు. కొడుకు పెళ్లికి గాజులు కొనడానికి పత్తర్‌గట్టి వెళ్లినప్పుడు, నాలుగేళ్ల కిందట, కాళ్లు వాటంతటవే ఆ గల్లీలోకి తిరిగాయి.

మా ఇల్లున్న చోట గోదాము. అత్తరు వాళ్ల ఇల్లు అట్లాగే ఉంది. దాలాన్‌లో మొక్కా లేదు, తాళ్లూ లేవు. తెల్లజుట్టు భాబీ నన్ను ఇట్టే పట్టేసింది. "పాలపిల్లవు గద నువ్వు!" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఖాలా పోయి చాలా ఏళ్లయిందని చెప్పింది. చివర్లో మంచాన పడితే రెండేళ్లు తనే చూసుకుందట. అన్నీ చేయించుకుంటూ కూడా, బీరువా తాళాలు మాత్రం దిండు కిందే పెట్టుకునేదట. నవ్వుతూనే చెప్పింది ఆ మాట.

చాయ్ తెచ్చింది. నేను చెప్పేశాను. బ్లేడు, క్యాన్, కుండ జరపడం, సంచి మాట, కిటికీలో తీగ. అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఏడవడం కోసమే వెళ్లానేమో. మాఫ్ చేస్తున్నా బిడ్డా అంటుందని, నా బరువు దిగుతుందని, లోపల ఎక్కడో ఆశ.

భాబీ ఏడవలేదు. తన చేతులు తాను చూసుకుంది.

"నేను కొయ్యలేదని నాకెరుకనే గద బిడ్డా," అంది. "నాకెందుకు చెప్తున్నవ్?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"మా అత్త నమ్మలే, సరే. పరాయి పిల్లను. మా అమ్మ గూడ అడిగింది. పానం పొయ్యే ముంగట, నన్ను దగ్గరికి గుంజుకొని చెవిల అడిగింది. ‘సంచిల రాలేదని నాకెరుకనే, నేనేమనను గాని నిజం చెప్పు బిడ్డా, నువ్వు కోసినవా?’ అని. నన్ను కన్నది అడిగింది." చాయ్ కప్పు నా వైపు జరిపింది. "ఆమె ఆ దినం మీ అరుగు మీద కూసున్నది. నువ్వు ఆడనే ఉంటివి గద."

ఉన్నాను. ఆమె పక్కనే ఉన్నాను.